63 మెయిళ్లు, 11 వారాలు: గీసెన్ ల్యాబులో నా వేసవి

బీఎస్సీ మొదటి సెమిస్టర్ ప్రాక్టికల్స్‌లో నేను ముందుగా నేర్చుకున్నది టైట్రేషన్ కాదు, రీడింగ్ సరిపెట్టడం. మోర్ సాల్ట్ ద్రావణంలోకి బ్యూరెట్ అనే గీతల గాజు గొట్టంలోంచి పర్మాంగనేట్ చుక్కలుగా వదిలి, రంగు మారేసరికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో రాయాలి. ల్యాబు అటెండర్ అన్నని బతిమాలితే "మీ బ్యాచ్‌కి 19.2 వస్తుంది పో" అనేవాడు. ఇక బ్యూరెట్ ఏం చెప్పినా మా రికార్డుల్లో 19.3, 19.2, 19.2 పడేవి. మొదటిది కాస్త తేడాగా వేయాలని కూడా సీనియర్లే చెప్పారు. మూడూ ఒకేలా ఉంటే సార్‌కి అనుమానం వస్తుందట. పదికి పది మార్కులు. ఇది తప్పని ఆ రోజుల్లో నాకు తట్టనే లేదు. పరీక్షలో పక్కవాళ్ల పేపర్ చూస్తే తప్పుగానీ, బ్యూరెట్‌కి అబద్ధం చెప్తే ఏమవుతుంది?

మాది కావలి. నాన్నకి ఎరువుల కొట్టు. ఇంటర్ మార్కుల మీద కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పయిర్ స్కాలర్‌షిప్ వచ్చింది. ఏడాదికి 80,000 రూపాయలు, అందులో 60,000 చేతికి, 20,000 వేసవి ప్రాజెక్టుకి. ఆ ధైర్యంతోనే ఇంజినీరింగ్ వద్దని చెన్నైలో బీఎస్సీ కెమిస్ట్రీలో చేరాను. "అదేంది, సీటు రాలేదా?" అని పెద్దమ్మ ఇప్పటికీ అడుగుతుంది.

మొదటి ఏడాది అయ్యాక వేసవిలో చెన్నైలోనే ఒక రీసెర్చ్ ల్యాబులో ఎనిమిది వారాలు చేశాను. మిశ్రమంలో ఏమేమున్నాయో వేరు వేరు స్పాట్లుగా చూపే టీఎల్‌సీ ప్లేటు మీద చుక్క పెట్టడం, సిలికా పొడి నింపిన గాజు గొట్టంలో మిశ్రమాన్ని విడదీసే కాలమ్ వేయడం, రోటావాప్‌లో సాల్వెంట్‌ని, అంటే కరిగించే ద్రవాన్ని, ఆవిరి చేసి లాగేయడం అక్కడే వచ్చాయి. నాకు నేర్పింది పీహెచ్‌డీ చేస్తున్న గుంటూరు అక్క. పై దేశాల ల్యాబులకి బీఎస్సీ పిల్లలు కూడా వెళ్తారని ఆవిడ చెప్పేదాకా నాకు తెలియదు. నా దృష్టిలో ఫారిన్ అంటే ఎమ్మెస్, బ్యాంకు లోను, అంతే.

2024 అక్టోబరులో ఇద్దరం ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. అమెరికాలో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచే, డిగ్రీ పిల్లలకి వేసవిలో రీసెర్చ్ నేర్పే ఆర్‌ఈయూ ప్రోగ్రాములు చూసి నోరూరింది. అడుగున చూస్తే ఆ దేశ పౌరులకీ పర్మనెంట్ రెసిడెంట్లకీ అని ఉంది. జర్మనీలో డీఏఏడీ అనే విద్యార్థి మార్పిడి సంస్థ వాళ్ల రైజ్ ఇంటర్న్‌షిప్ ఉంది. అది అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లండ్ పిల్లలది. మనవాళ్ల కోసం అదే సంస్థ వైజ్ అని నడుపుతుంది గానీ, దానికి ఐఐటీ, ఐసర్ లాంటి సంస్థల జాబితా ఒకటి ఉంటుంది. మా కాలేజీ అందులో లేదు. కెనడా మైటాక్స్ గ్లోబలింక్ 12 వారాలు, ప్రాజెక్టులు మనమే ఎంచుకోవచ్చు. మేం చూసేసరికి గడువు దాటిపోయింది. జపాన్‌లో ఒకినావాలో ఉన్న ఓఐఎస్‌టీ అనే సైన్స్ యూనివర్సిటీ ఏ దేశం వాళ్లనైనా తీసుకుంటుంది, టికెట్టూ బసా వాళ్లవే. పోటీ కూడా అలాగే ఉంటుంది కదా. వేశాను, రాలేదు. ఏదీ కాకపోతే ఉంటుందని మన మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌కి కూడా ఒక అప్లికేషన్ పెట్టాను.

ఈ వెతుకులాటలోనే ఒక ప్రకటన కనిపించింది. సర్టిఫికెట్‌తో సహా "ఇంటర్నేషనల్ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్", 1,40,000 రూపాయలు కడితే చాలట. నేను ఫీజు వివరాలు చదువుతుంటే అక్క ట్యాబ్ మూసేసింది. "ల్యాబులో పని చేస్తే వాళ్లు నీకివ్వాలి గానీ నువ్వు కట్టేదేంటే?" ఈ ఒక్క మాట పట్టుకుంటే సగం మోసాలు దగ్గరికి రావు.

మిగిలింది ప్రొఫెసర్లకి నేరుగా రాయడం.

మొదటి ఇరవై మెయిళ్లు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "రెస్పెక్టెడ్ సర్" అని మొదలు. ఆడవాళ్లకి కూడా అదే వెళ్లింది. నేను కష్టపడే మనస్తత్వం గలదాన్ని, కెమిస్ట్రీ నా ప్రాణం, మీ పరిశోధన నన్ను ఎంతో ప్రభావితం చేసింది. ఎవరి పరిశోధన, ఏ పేపరు అన్నది ఎక్కడా లేదు. సీవీలో ఎన్‌ఎమ్‌ఆర్, హెచ్‌పీఎల్‌సీ, జీసీ-ఎమ్‌ఎస్ అనే పెద్ద పరీక్షా యంత్రాల్లో "ప్రావీణ్యం" అని రాశాను. వాటిని ఎవరో నడుపుతుంటే నేను వెనక నిలబడి చూశాను, అంతే. పద్నాలుగో మెయిల్‌లో పేరు మార్చడం మర్చిపోయాను. దానికి మాత్రం జవాబు వచ్చింది. "మీరు రాసిన ప్రొఫెసర్ పక్క బిల్డింగులో ఉంటారు." అంతే, ఇంకేమీ లేదు.

అక్క నా సీవీ ప్రింట్ తీసి ఎర్ర పెన్నుతో కూర్చుంది. "ఇది నువ్వు చేశావా? ఇది చేశావా?" అని ఒక్కోటీ అడుగుతూ కొట్టేసింది. చివరికి మిగిలింది నాలుగు లైన్లు. ఏడుపొచ్చింది. ఆ నాలుగు లైన్లతోనే మళ్లీ మొదలుపెట్టాను. వారానికి నలుగురే, ఒక్కొక్కరివి రెండేసి పేపర్లు చదివి. చదివి అంటే, అర్థమైనంత.

నలభై ఒకటో మెయిల్‌లో ఇలా రాశాను. నేను ఇప్పటికి ఆరు కాలమ్‌లు వేశాను, రెండు పాడయ్యాయి. మీ పేపర్‌లో టేబుల్‌లో ఆర్థో స్థానంలో మిథైల్ ఉన్న కాంపౌండ్‌కి ఈల్డ్ (రావాల్సినదాంట్లో నిజంగా వచ్చిన శాతం) బాగా తగ్గింది, అది చోటు ఇరుకవడం వల్లేనా, వేరే కారణం ఉందా? రెండు రోజుల్లో జవాబు వచ్చింది. నా ప్రశ్న గురించి ఒక్క ముక్క లేదు. "ఆ రెండు కాలమ్‌లు ఎందుకు పాడయ్యాయి?"

హాస్టల్ మెట్ల మీద కూర్చుని పది నిమిషాలు చూశాను ఆ లైన్‌ని. వెటకారమా, నిజంగా అడుగుతున్నారా తెలియలేదు. ఉన్నదే రాశాను. మొదటిదాంట్లో ఫోన్ వస్తే బయటికి వెళ్లాను, సాల్వెంట్ సిలికా పైమట్టం కిందికి దిగిపోయి, సిలికా ఎండి బీటలు వారింది. రెండోదాంట్లో సిలికా సరిపోనంత శాంపిల్ ఎక్కించాను, రెండు స్పాట్లూ కలిసే దిగాయి. వారం తర్వాత వీడియో కాల్, ఇరవై నిమిషాలు. కొన్నాళ్లకి ఉత్తరం వచ్చింది: మే 5 నుంచి జులై 20 దాకా, యూనివర్సిటీ గెస్ట్‌హౌస్‌లో గది, తిండికి నెలకి 400 యూరోలు, టికెట్ మాత్రం నాదే. అంతలో మిగతావాళ్లకి కూడా రాస్తూనే ఉన్నాను. మొత్తం 63 మెయిళ్లు. పదకొండు జవాబులు, ఒక్క అవును.

ఊరు జర్మనీలోని గీసెన్. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైల్లో గంట లోపే. నేను పేరు కూడా వినలేదు. ఫోన్‌లో చెప్తే నాన్న మాత్రం "లీబిగ్ ఊరా?" అన్నారు. ఎరువుల కంపెనీల డీలర్ మీటింగుల్లో ఆ పాతకాలపు జర్మన్ కెమిస్ట్ పేరు చెప్పకుండా ఎవరూ మైక్ దిగరట. ఏ పోషకం తక్కువైతే దిగుబడి దాని దగ్గరే ఆగిపోతుందనే సూత్రానికి ప్రచారం తెచ్చింది ఆయనే. నాన్న డీఏపీ బస్తాల మధ్య కూర్చుని ముప్పై ఏళ్లుగా రైతులకి చెప్తున్నదీ అదే.

కాలేజీలో ఎన్‌ఓసీ, అంటే వెళ్లడానికి అభ్యంతరం లేదనే కాగితం, సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను, తలుచుకుంటే ఇప్పటికీ కోపమొస్తుంది. జూన్ మధ్యలో కాలేజీ తెరుస్తారు. నేను వచ్చేది జులై చివర. 75 శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరు. నా కాగితం మూడు వారాలు ఒక టేబుల్ మీది నుంచి ఇంకో టేబుల్ మీదికి తిరిగింది. "బీఎస్సీ వాళ్లకి రీసెర్చ్ ఏంటమ్మా, ముందు డిగ్రీ కానీ" అని ఒకరు. చివరికి మా ఆర్గానిక్ మేడమ్ తన పూచీ మీద సంతకం పెట్టించారు. ఆవిడ లేకపోతే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

పాస్‌పోర్టు కోసం పినాకిని రైల్లో కావలి వెళ్లొచ్చాను. 1,500 రూపాయల ఫీజు, పోలీస్ వెరిఫికేషన్, అది తేలిగ్గానే అయింది. అసలు టెన్షన్ వీసాది. ఉండేది 90 రోజుల లోపే కాబట్టి షెంగెన్ వీసా. 90 యూరోల ఫీజు, 30,000 యూరోలకి తగ్గని ఇన్సూరెన్సు, ఆహ్వాన లేఖ, ఎన్‌ఓసీ, నాన్న ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంటు. ఆ స్టేట్‌మెంటు దగ్గర వచ్చింది చిక్కు. మార్చిలో, ఎడగారు పంటకి స్టాకు దించే రోజుల్లో నాన్న ఖాతాలో ఎప్పుడూ డబ్బు నిలవదు. ఈ వారం మూడు లక్షలు, వచ్చే వారం పద్దెనిమిది వేలు. ఫారాలు నింపిపెట్టే ఆయన ఒకరు సలహా ఇచ్చారు, ఎవరి దగ్గరైనా నాలుగైదు లక్షలు తెచ్చి ఒక నెల ఖాతాలో పడేయండి, స్టేట్‌మెంటు తీసుకుని తిరిగి ఇచ్చేయండి అని. నాకైతే బాగానే అనిపించింది. నా 19.2 లాంటిదే కదా.

నాన్న ఒప్పుకోలేదు. "కొట్టు లెక్క కొట్టు లెక్కలాగే ఉంటాది పాపా. ఈ నెల్లో డబ్బు కదలకుండా కూర్చుందంటే, ఎరువుల వ్యాపారం తెలిసినోడెవడైనా నవ్వుతాడు." ఉన్నది ఉన్నట్టే పెట్టి, పంట కాలాల ప్రకారం డబ్బు ఎలా వచ్చి పోతుందో ఒక పేజీ రాసి ఇచ్చారు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది నేనే. వీసా రెండు వారాల్లో వచ్చింది. ఆ పేజీ ఎవరైనా చదివారో లేదో నాకు తెలియదు. టికెట్ మాత్రం స్కాలర్‌షిప్‌లో దాచినదాంతో కొన్నాను. రంగనాథన్ స్ట్రీట్‌లో బేరమాడి కొన్న దళసరి జాకెట్టు మొదటి వారం తర్వాత పెట్టెలోంచి తీయలేదు. జులై మొదట్లో అక్కడ ఎండలు మన ఎండల్లాగే కొట్టాయి, పైగా గదిలో ఫ్యానయినా లేదు.

ల్యాబులో మొదటి రోజు కెమిస్ట్రీ లేదు. మూడు గంటలు భద్రత గురించే. షవర్ ఎక్కడ, ఫైర్ బ్లాంకెట్ ఎక్కడ, కళ్లద్దాలు లేకుండా గడప దాటితే ఏమవుతుంది. ష్లెంక్ లైన్ అని గాజు గొట్టాల అమరిక ఒకటి ఉంటుంది, ఒక వైపు వాక్యూమ్, ఒక వైపు దేనితోనూ కలవని ఆర్గాన్ వాయువు. గాలి తగలకూడని రియాక్షన్లు దాని మీద చేస్తారు. అందులో ఆవిర్లని చల్లబరిచి పట్టే ట్రాప్ అనే గాజు గొట్టాన్ని ద్రవ నైట్రోజన్‌లో ముంచుతారు. ఎక్కడైనా గాలి లీకైతే అందులోని ఆక్సిజన్ కూడా ద్రవమై ట్రాప్‌లో దిగుతుంది, సాల్వెంట్‌తో కలిసిందా, పేలిపోవచ్చు. "లేత నీలం రంగు ద్రవం కనిపిస్తే దేన్నీ ముట్టుకోకు, అందర్నీ బయటికి పంపు" అని రెండుసార్లు చెప్పించారు నా చేత. మా కాలేజీలో నోటితో పిపెట్ పీల్చిన దాన్ని నేను. ఆ మాట అక్కడ ఎవరికీ చెప్పలేదు.

నా మెంటార్ పీహెచ్‌డీ మూడో ఏడాది అమ్మాయి. నాకో నోట్‌బుక్ ఇచ్చింది, పేజీ నంబర్లు ముందే అచ్చువేసి ఉన్నాయి. పెన్నుతోనే రాయాలి. తప్పు రాస్తే కింద అక్షరాలు కనిపించేలా ఒక్క గీతతో కొట్టేయాలి. పేజీ చించకూడదు, వైట్‌నర్ వాడకూడదు.

రెండో వారంలో నా మొదటి కాంపౌండ్ వచ్చింది. చిక్కటి నూనెలా ఉంది. తూకం వేస్తే 210 మిల్లీగ్రాములు. లెక్క ప్రకారం పూర్తిగా వస్తే 250. ఈల్డ్ 84 శాతం! నోట్‌బుక్‌లో 84 వేసి చుట్టూ గీత గీశాను, అమ్మకి ఫోన్ చేసి చెప్పాను కూడా. అమ్మకి ఈల్డ్ అంటే ఏమిటో తెలియదు, 84 మార్కులనుకుంది. సాయంత్రం ఎన్‌ఎమ్‌ఆర్ వచ్చింది, అంటే శాంపిల్‌లో ఏమేమున్నాయో పీకులు అనే గీతలతో చూపే గ్రాఫు. కాంపౌండ్ సరైనదే. కానీ 4.12 దగ్గర నాలుగు గీతలు, 2.05 దగ్గర ఒకటి, 1.26 దగ్గర మూడు. ఇథైల్ అసిటేట్. నేను తూచినదాంట్లో సాల్వెంట్ ఇంకా ఉంది. నాకు ఆ పీకులు తెలుసు, మెంటార్ నా భుజం మీదుగా చూడకముందే గుర్తుపట్టాను. అయినా నోరు విప్పలేదు. చిన్న పీకులే కదా, ఎవరు చూస్తారులే అనిపించింది. ఆమె చూసింది. కోప్పడలేదు, నవ్వలేదు. రాత్రంతా హై వాక్యూమ్ మీద పెట్టమంది. పొద్దున తూచితే 178. 71 శాతం.

"84ని కొట్టేయనా?" అన్నాను. "ఎందుకు? తేదీ వేసి, ఆరబెట్టక ముందు అని రాయి. దాని కింద 71 రాయి." ఆ పేజీ ఇప్పటికీ అలాగే ఉంది, రెండు అంకెలతో.

అంత జరిగాక బుద్ధి వచ్చి ఉండాలి కదా. రాలేదు.

తర్వాతి పని సుజుకి కప్లింగ్. పల్లాడియం సాయంతో రెండు బెంజీన్ వలయాలని అతికించే రియాక్షన్, 2010 నోబెల్ వచ్చిన పనుల్లో ఇదొకటి, పుస్తకంలో చూస్తే బాణం గుర్తు ఒకటి గీసి ఊరుకుంటారు. నాకు మూడు సార్లు చేసినా 38 శాతం దాటలేదు. టీఎల్‌సీ మీద నా ప్రొడక్ట్ పైన ఇంకో స్పాట్. మొదటిసారి చూసి ఏదో మలినం అనుకున్నాను. రెండోసారి కూడా వచ్చింది. మూడోసారి వచ్చేసరికి భయమేసింది, నోట్‌బుక్‌లో ప్లేటు బొమ్మ గీసేటప్పుడు దాన్ని గీయడమే మానేశాను. సాల్ట్ ఎనాలిసిస్‌లో మాకు అలవాటే. ఇచ్చిన ఉప్పులో ఒక ఆమ్ల రాడికల్, ఒక క్షార రాడికల్ ఉంటాయి. మూడోది కనిపిస్తే అది మన కళ్ల తప్పే.

సోమవారం గ్రూప్ మీటింగులో నా వంతు. స్లయిడ్‌లో 38, 35, 38 చూపించి, కేటలిస్టు, అంటే ఆ పల్లాడియం, పాతదేమో అన్నాను. ప్రొఫెసర్ అడిగిన మొదటి ప్రశ్న: "మిగతా 62 ఏమైంది?" ఏం చెప్పను? మొదలుపెట్టిన పదార్థం అలాగే ఉందా, వేరేదిగా మారిందా, కాలమ్ మీద పోయిందా, నేను చూడలేదు. చూడలేదని చెప్పడానికి అర నిమిషం పట్టింది. తర్వాత గొంతు తగ్గించి పైన ఇంకో స్పాట్ ఉందని కూడా చెప్పాను. గదిలో వాతావరణమే మారిపోయింది. తిడతారనుకున్నాను. అందరూ ముందుకి వంగి ఆ స్పాట్ గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. నా 38 శాతం ఎవరికీ పట్టలేదు, ఆ స్పాట్ మాత్రం అందరికీ కావాలి.

దాన్ని విడదీసి చూస్తే 4,4'-డైమిథాక్సీబైఫినైల్. అంటే నేను అతికించాల్సిన రెండిట్లో ఒకటైన బోరోనిక్ యాసిడ్ రెండో దానితో జతకట్టకుండా తనతో తనే జతకట్టేసింది. ఆక్సిజన్ ఉంటే అలా జరుగుతుందట. సాల్వెంట్‌లో కరిగిన గాలిని తరిమేయడానికి (డీగ్యాస్) దాంట్లోకి ఆర్గాన్ ఎంతసేపు పంపావని అడిగారు. అరగంట పంపాలి. వెనకాల లైన్ కోసం ఇంకొకరు నిలబడి ఉన్నారని నేను అయిదు నిమిషాల్లో తీసేశాను, మూడు సార్లూ. నోట్‌బుక్‌లో మాత్రం "డీగ్యాస్ చేశాను" అని ఉంది. అబద్ధం కాదు, నిమిషాలు లేవంతే. ఆ తర్వాత సాల్వెంట్‌ని ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి, వాక్యూమ్ పెట్టి, కరిగించి, మళ్లీ గడ్డకట్టించి మూడు విడతలు చేస్తే ఈల్డ్ 69కి వచ్చింది. పై స్పాట్ కనిపించీ కనిపించనట్టు మిగిలింది. దాన్ని కూడా గీశాను.

మిగిలిన వారాలు ఆ రియాక్షన్‌తోనే, వేరు వేరు కాంపౌండ్ల మీద. తొమ్మిది చేశాను, ఆరు వచ్చాయి. రానివి కూడా రిపోర్టులో వేరే టేబుల్‌గా పెట్టారు.

శని ఆదివారాలు ఊరు తిరగడం. ఆదివారం దుకాణాలు మూసేస్తారని తెలియక మొదటి వారం మ్యాగీ, ఆవకాయ మీద బతికాను. ఊరి మధ్యలో పైన మూడు పెద్ద బెజ్జాలున్న పాదచారుల వంతెన ఒకటి ఉంది, దాన్ని స్థానికులు ఏనుగు మరుగుదొడ్డి అంటారు. ఫొటో పంపితే నాన్న రెండు రోజులు నవ్వారు.

రైల్వే స్టేషన్ దగ్గరే లీబిగ్ మ్యూజియం, ఆయన పాత ల్యాబే అది. ఆయన 1824లో 21 ఏళ్ల వయసులో ఇక్కడికి ప్రొఫెసర్‌గా వచ్చి 1852 దాకా ఉన్నాడు. విద్యార్థుల చేత ల్యాబులో వరసగా పని చేయించి కెమిస్ట్రీ నేర్పడం అన్న పద్ధతికి పేరు వచ్చింది ఇక్కడి నుంచే. పై దేశాల కుర్రాళ్లు అప్పట్లోనే మూటాముల్లె కట్టుకుని ఇక్కడికి వచ్చేవాళ్లు. నాకు బాగా నచ్చింది ఆయన 1831లో చేసిన అయిదు బుడగల గాజు పరికరం. కర్బన పదార్థాన్ని కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడు ఆ బుడగల్లోని పొటాష్ ద్రావణంలో ఇంకుతుంది. ముందు తూచు, తర్వాత తూచు, తేడా చూసుకో. అరచేతిలో పట్టేంత ఉంది. దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. కాపలా పెద్దాయన ఏదో పోగొట్టుకున్నానేమో అనుకుని జర్మన్‌లో అడిగాడు.

జులై 21న చెన్నైలో దిగాను. హాజరు 71 శాతం దగ్గర తేలింది, అపరాధ రుసుము కట్టి పరీక్షకి కూర్చున్నాను. ఆ సెమిస్టర్ ప్రాక్టికల్స్‌లో డైక్రోమేట్‌తో ఐరన్ టైట్రేషన్. అటెండర్ అన్న అలవాటుగా 21.3 అన్నాడు. నాకు 20.7, 20.8, 20.7 వచ్చాయి. అవే రాశాను. పక్కన చేసిన నా ఫ్రెండ్ 21.3 రాసింది, "పిచ్చిదానివటే" అంది. నాకు పదికి ఏడు. పిపెట్ కడిగే తీరులో తప్పు జరిగిందని తర్వాత తెలిసింది, అంటే నా రీడింగ్ నిజమే గానీ నా పని తప్పు. సార్‌తో వాదించడానికేమీ లేదు.

ఇప్పుడు జూనియర్లు వాట్సాప్‌లో "అక్కా, నీ మెయిల్ టెంప్లేట్ పంపవా" అని అడుగుతున్నారు. మొదట్లో నలభై ఒకటోది ఒక్కటే పంపేదాన్ని. ఇద్దరు పిల్లలు దాన్నే కాపీ కొట్టి, వేయని ఆరు కాలమ్‌ల గురించి, పాడవని రెండు కాలమ్‌ల గురించి రాసి పంపారని తెలిసింది. అప్పటి నుంచి నలభై ఒకటోదానితో పాటు పద్నాలుగోది కూడా పంపుతున్నాను, పక్క బిల్డింగు జవాబుతో సహా.